నలభై రెండో చీటీ

పోయిన వారం మనం చీటీలక్కని కౌంటరు గదిలో వదిలేసి వచ్చాం. ఎడమ చేతిలో చీటీలు గుచ్చే ఇనప ఊచ, కుడి చేతిలో ఒకే ఒక్క ఎర్రదారం. మనకి వారం గడిచింది గానీ ఆవిడకి రెండు నిమిషాలైనా గడవలేదు. ఇంకా అక్కడే, అలాగే నిలబడి ఉంది పాపం.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం జరిగింది క్లుప్తంగా చెప్పేస్తాను, తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. ఆ కొండ మీద, మబ్బు తగిలే ఎత్తులో, ఒక గుహలో అమ్మవారు ఉంది. విగ్రహమంటూ లేదు. గుహ మధ్యలో ఎప్పుడూ చెమ్మగా ఉండే ఒక నల్లరాయి, అదే అమ్మ. భక్తులు చెప్పులు కింద వదిలి, వట్టికాళ్ళతో మూడు గంటలు ఎక్కుతారు. గుహలోకి ఈ పక్క నుంచి మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళి, రాయికి నుదురు ఆనించి, ఆ పక్క నుంచి బయటపడతారు. లోపలికి వెళ్ళినవాళ్ళు వెనక్కి తిరగకూడదు. అటు బయటపడ్డవాళ్ళు అమ్మ కడుపులోంచి మళ్ళీ పుట్టినట్టే.

ఎక్కేముందు ప్రతి మనిషి కుడి మణికట్టుకీ చీటీలక్క ఎర్రదారంతో ఒక చీటీ కడుతుంది. దిగివచ్చాక కత్తెరతో దారం తెంపి, చీటీని ఊచకి గుచ్చుతుంది. సాయంత్రం రెండు లెక్కలూ సరిపోతే కొండ ఖాళీ అని పుస్తకంలో రాస్తుంది. ఒక్క చీటీ తగ్గినా గోడ పక్కనున్న పెద్ద గంట మోగాలి, వెతికే మనుషులు పైకి వెళ్ళాలి. పద్దెనిమిదేళ్ళుగా ఇదే ఆవిడ ఉద్యోగం. ఆవిడ సొంత పేరు ఆఫీసు కాగితాల్లో తప్ప ఎవరి నోట్లోనూ లేదు.

నాలుగు రోజుల కిందట రెండు బస్సుల్లో నలభై రెండు మంది వచ్చారు. కొండ దిగేటప్పుడు వాన మొదలైంది. కౌంటరు దగ్గర వరసలో తడవడం ఎందుకని వాళ్ళ గుంపు పెద్ద, దారిలోనే అందరి దారాలూ చాకుతో కోసేసి, చీటీలన్నీ ఒక కట్టగా తెచ్చి కిటికీలోంచి లోపలికి తోశాడు. చీటీలక్క ఎంచింది. నలభై రెండు. మనుషుల్ని ఎంచలేదు. ఆ రాత్రి వానకి పై దారిలో కొండచరియ విరిగిపడింది. దారి మూసేశారు. కొండ మీద ఎవరూ లేరని చీటీలక్క పుస్తకమే చెబుతోంది కాబట్టి పైకి వెళ్ళాల్సిన తొందర ఎవరికీ లేకపోయింది.

మర్నాడు పొద్దున ఒక అమ్మాయి వచ్చింది. వాళ్ళమ్మ ఆ గుంపుతో వచ్చిందట, ఇంటికి చేరలేదట. మొదటి బస్సువాళ్ళు రెండో బస్సులో ఉందనుకున్నారు, రెండో బస్సువాళ్ళు మొదటి బస్సులో ఉందనుకున్నారు. "దిగిపోయిందమ్మా, ఇదిగో చీటీ" అంది చీటీలక్క, చూపించింది కూడా. ఆ మాట పట్టుకుని మూడు రోజులుగా బస్టాండుల్లో, ఆసుపత్రుల్లో, వంతెనల కిందా వెతికారు. ఇవాళ మధ్యాహ్నం, ఎందుకో మనసు ఆగక, చీటీలక్క ఊచ మీద చీటీలన్నీ మళ్ళీ తీసి చూసింది. నలభై ఒక్క దారాలు చాకుతో ఏటవాలుగా కోసినవి. నలభై రెండో దారం కొయ్యలేదు. ముడి విప్పి తీసినది.

ఆ ముడి ఊరికే ఊడేది కాదు. పీకితే ఇంకా బిగుస్తుంది. దాన్ని విప్పడం ఆ కొండ కింద ఇద్దరికే తెలుసు. ఒకరు చీటీలక్క. రెండోవాడు ఆవిడకి ఆ ముడి నేర్పినవాడు, ఆవిడ మొగుడు.

ఇక ముందుకి వెళదాం.

*

చీటీలక్క ఆ చీటీని దారంతో సహా మడిచి కొంగున ముడేసుకుంది. కిటికీ తలుపు వేసింది. గొళ్ళెం పెట్టింది. మూడు రోజులుగా ఒక మనిషి కళ్ళల్లోకి చూసి "దిగిపోయింది" అని ఎన్నిసార్లు అందో లెక్క వేసుకోబోయి మానేసింది.

గదిలోంచి బయటికి రావాలంటే బెంచీ ముందు నుంచే రావాలి. బెంచీ మీద ఆ అమ్మాయి ఉంది. అమ్మాయి అంటున్నాం గానీ ముప్పై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ షాపులో పని. కుడి చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా చిన్న చిన్న కాలిన మచ్చలు. మూడు రోజుల్లో మొహం పీక్కుపోయింది.

"అక్కా, భోజనానికా?" అంది.

"ఆఁ. నువ్వు తిన్నావా తల్లీ?"

"తిన్నా." తినలేదని చూస్తేనే తెలుస్తోంది. "అక్కా, ఇందాక చీటీలన్నీ మళ్ళీ తీసి చూస్తున్నావు కదా. కిటికీలోంచి చూశా. ఏమన్నా దొరికిందా?"

చీటీలక్క కొంగు ముడి అప్రయత్నంగా గుప్పిట్లోకి వెళ్ళిపోయింది. ఇప్పుడు చెప్పేస్తే? మీ అమ్మ దిగలేదు, పైనే ఉంది, నాలుగు రోజులైంది, చీటీ విప్పి తెచ్చింది మా ఇంటాయనే అని చెప్పేస్తే? ముందు ఆయన్ని అడగాలి. ఒక్క గంట. ఒక్క గంటలో ఏం మునిగిపోతుంది?

"ఏం లేదమ్మా" అంది. "లెక్క సరిగ్గానే ఉంది."

"అయితే కొండ మీద లేనట్టేనా?"

"లేదు."

అమ్మాయి తల ఊపింది. ఎదురుగా చెప్పుల స్టాండు వైపు చూస్తూ కూర్చుంది. దారి మూసిన దగ్గర్నుంచీ ఆ స్టాండు మీద పట్టా కప్పే ఉంది. దాన్ని చూసుకునే ముసలాయన ఇవాళే వచ్చి తాళ్ళు విప్పుకుంటున్నాడు.

చీటీలక్క నాలుగడుగులు వేసిందో లేదో వెనక నుంచి మళ్ళీ పిలుపు.

"అక్కా, నీకొక మాట చెప్పనా? ఎవరికీ చెప్పలేదు."

ఆగక తప్పలేదు.

"ఆరేళ్ళుగా అడుగుతూనే ఉంది అక్కా మా అమ్మ. ఈ కొండకి తీసుకెళ్ళవే, ఒక్కసారి అమ్మ దగ్గరికి పాక్కుంటూ వెళ్ళొస్తా అని. ప్రతిసారీ వచ్చే ఏడాది అన్నా. ఈసారి ఎవరో గుంపు వెళుతున్నారని తనే పేరు రాయించుకుంది. నువ్వూ రావే అని నా వెంటపడింది. షాపులో సెలవివ్వరు, ఇంట్లో మంచినీళ్ళు పట్టే దిక్కు లేదు, పైగా పొద్దస్తమానం ఈవిడ నస. విసుగొచ్చి అనేశా." అమ్మాయి కాలిన మచ్చల్ని ఎడమ బొటనవేలితో రుద్దుకుంటోంది. "వెళ్ళు, వెళ్ళి ఆ గుహలోనే ఉండిపో, నాకు కాస్త ఊపిరాడుతుంది అన్నా."

చీటీలక్క బెంచీ దగ్గరికి రెండడుగులు వెనక్కి వచ్చింది.

"అంత మాట అని, మళ్ళీ చీర మాత్రం ఇస్త్రీ చేసి ఇచ్చా అక్కా. గంజి పెట్టి, కుచ్చిళ్ళు సరిగ్గా వచ్చేట్టు మడతలు తేల్చి. నా బుద్ధి చూడు. ఆ చీర కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి, బావుందా అని అడిగింది. నేను తల ఎత్తలేదు."

"కోపంలో అందరం అంటాం తల్లీ" అంది చీటీలక్క. తన గొంతు తనకే వేరేవాళ్ళదిలా వినబడింది. "ఇప్పుడే వస్తా. ఇక్కడే ఉండు. ఎక్కడికీ వెళ్ళకు."

*

కుర్చీల షెడ్డు అక్కడికి రెండు వందల గజాలు. నడవలేనివాళ్ళని కొండ ఎక్కించే మోతగాళ్ళ షెడ్డు అది. ఒక్కడే మనిషి, వీపుకి బెత్తం కుర్చీ కట్టుకుని, అందులో ఎక్కేవాళ్ళని కూర్చోబెట్టుకుని, చేతికర్ర పోటు మీద మూడు గంటలు ఎక్కుతాడు. పట్టీ ఒకటి నుదుటికి, రెండు భుజాలకి. ఆ పట్టీలకి ఆవిడ మొగుడు ఒక్కడే వేసే ముడే చీటీలక్క దారానికి వేసే ముడి. పెళ్ళైన కొత్తలో, ఒక మధ్యాహ్నం ఈ షెడ్డు గడప మీద కూర్చోబెట్టి, ఆవిడ వేళ్ళు తన వేళ్ళలోకి తీసుకుని నేర్పాడు. "ఇది వేస్తే మనిషి జారడు. విప్పాలంటే ఈ మెలిక దగ్గర ఒక్కసారి వెనక్కి నెట్టాలి, లాగకూడదు" అన్నాడు. వాళ్ళిద్దరి మధ్యా సరసమంటూ ఆవిడకి గుర్తున్నది అదొక్కటే. అందుకే అంత పదిలంగా దాచుకుంది.

షెడ్డులో కుర్చీలన్నీ మేకులకి వేలాడుతున్నాయి. మోతగాళ్ళంతా విరిగిపడ్డ రాళ్ళు తొలగించే పనికి వెళ్ళారు. చీటీలక్క మొగుడు ఒక్కడు మాత్రం నడుం పట్టేసిందని చెప్పి ఉండిపోయాడు. భక్తులు ఆయన్ని కుర్చీ బాబాయ్ అంటారు. యాభై దాటాయి. ఆ షెడ్డులో అందరికంటే పాత ఇత్తడి బిళ్ళ ఆయనదే, ఒకటో నంబరు. చొక్కాకి అది లేని రోజు ఆయన్ని ఎవరూ చూడలేదు. గోడకి ఆనుకుని, కుడి కాలు ముందుకి చాపుకుని, పట్టీకి నూనె రాస్తున్నాడు.

"ఏమయ్యా, తిన్నావా?" అంది చీటీలక్క. ఏ గొడవైనా ఆవిడ మొదలెట్టేది ఇలాగే.

"నీ కోసమే చూస్తున్నా. క్యారేజీ ఏదీ?"

ఆవిడ కొంగు ముడి విప్పి, చీటీ తీసి, ఆయన అరచేతిలో పెట్టింది.

"ఇదేంటో చెప్పు."

"చీటీ."

"దారం చూడు."

చూశాడు. నూనె వేళ్ళతో దారాన్ని ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పాడు.

"ముడి వేసింది నేను. విప్పిందెవరు?"

కుర్చీ బాబాయ్ నీళ్ళు నమిలాడు. ఎప్పుడూ ఏ మాటకైనా ఎకసెక్కం ఆడే మనిషి ఆయన. ఎనభై కిలోల బరువు మోస్తూ కూడా, "ఏం పెద్దాయనా, పుణ్యమంతా ముందే మూటగట్టుకొచ్చావా, ఇంత బరువున్నావు" అని భక్తుల్ని నవ్వించే మనిషి. ఇప్పుడు పట్టీకి మళ్ళీ నూనె రాయడం మొదలుపెట్టాడు.

"నిన్నే అడిగేది."

"ఆవిడే ఉంటానంది" అన్నాడు చివరికి. "గుహలోంచి బయటికి వచ్చాక అక్కడ కూర్చుండిపోయింది. నాకెవరూ లేరు నాయనా, దిగి ఎవరి మొహం చూడాలి, అమ్మ దగ్గరే ఉండిపోతా అంది. చీటీ నువ్వు తీసుకెళ్ళి ఇచ్చెయ్, నా కోసం ఎవరూ వెతక్కూడదు అని చెయ్యి చాపింది. ఏం చెయ్యను? పెద్దావిడ. అమ్మవారి ఎదురుగా అడిగింది. కాదనలేకపోయా."

చీటీలక్క గుంజకి ఆనుకుంది. ఆ మాట నిజమైతే బావుండునని ప్రాణం కొట్టుకుంది. బెంచీ మీద అమ్మాయి అన్న మాటకీ దీనికీ సరిగ్గా అతుకుతోంది కూడా. గుహలోనే ఉండిపో అంది కూతురు, ఉండిపోయింది తల్లి. మొగుడి తప్పు సగానికి సగం తగ్గిపోతుంది. మనసు దాన్ని గబుక్కున పట్టేసుకోబోయింది.

పట్టుకోలేకపోయింది. నాలుగు రోజుల కిందటి రాత్రి భోజనం దగ్గర ఆయన అన్న మాట అడ్డం వచ్చింది.

"ఎవరూ లేరందా?"

"అంది."

"మరి ఆ రోజు నాతో ఏం చెప్పి నవ్వావు? ఇవాళ ఒక ముసలావిడని మోశానే, కుర్చీ ఎక్కేటప్పుడు ఒకటే గోల, మా అమ్మాయి ఇస్త్రీ చేసిన చీర నాయనా, మడత నలగకుండా ఎత్తు అని. నువ్వు చెప్పలేదూ?"

ఆయన తల దించుకున్నాడు.

"కూతురు లేని మనిషికి కూతురు చేసిన ఇస్త్రీ ఎక్కడిది?"

చీటీలక్క ఆయన ముందు గొంతుక్కూర్చుంది. కూర్చున్నాక కనబడింది, నిలబడి ఉండగా కనబడనిది. లుంగీ మడత కింద కుడి మోకాలు. గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ కింద మోకాలు రెండింతలైంది, నల్లగా కమిలింది. చెయ్యి పెట్టబోతే ఆయన కాలు వెనక్కి లాక్కోబోయాడు, లాక్కోలేక పళ్ళు బిగించాడు.

"నడుం అన్నావు."

"అన్నా."

"ఎన్నాళ్ళయింది?"

"నొప్పి రెండేళ్ళుగా ఉంది. దగాకోరుది, ఎక్కేటప్పుడు ఊరుకుంటుంది, దిగేటప్పుడు మొదలెడుతుంది." ఆ ఎకసెక్కం తనకే రుచించనట్టు ఆగాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. ఒకసారి మొదలుపెట్టాక ఆగలేదు.

"పైకి బాగానే ఎక్కించా. పిట్టంత మనిషి, బరువే లేదు. దారంతా కబుర్లే. వాళ్ళమ్మాయి గురించే. ఎంత కష్టపడుతుందో, చెయ్యంతా ఎలా కాల్చుకుంటుందో, దాని కోసమే అమ్మకి మొక్కుకుంటున్నా నాయనా అని. గుహ ముందు దింపా. పాక్కుంటూ లోపలికెళ్ళింది. నేను ఖాళీ కుర్చీతో చుట్టూ తిరిగి అటుపక్కకి వెళుతున్నా, అక్కడ మోకాలు పుటుక్కుమంది. నేను విన్నానే ఆ చప్పుడు. పాక్కుంటూ వెళ్ళా నేను కూడా. ఆవిడ బయటికొచ్చి, మొహం వెలిగిపోతూ, మళ్ళీ పుట్టా నాయనా, ఎత్తుకో అంది చిన్నపిల్లలా."

చీటీలక్క కళ్ళు మూసుకుంది.

"రెండుసార్లు ఎత్తా. రెండుసార్లూ కూలబడ్డా. ఆవిడే అంది, నీకు బాలేదు నాయనా, నువ్వు మెల్లగా దిగు, ఇంకెవరినైనా పంపు, నేను ఇక్కడే రాతి చావడిలో కూర్చుంటా అని. నా దుప్పటి ఇచ్చా. బిస్కెట్ల పొట్లం ఒకటుంటే ఇచ్చా. మంచినీళ్ళు రాయి మీంచి కారుతూనే ఉంటాయిగా."

"మరి ఎవరినైనా పంపావా?"

"ఎవరిని పంపినా ఎందుకని అడుగుతారే. ఒకటో నంబరువాడు మనిషిని దింపలేక పైన వదిలేసి వచ్చాడని తెలిస్తే ఆ పూటే బిళ్ళ పీకేస్తారు. రేపు పొద్దున నేనే మెల్లగా ఎక్కి తీసుకొద్దామనుకున్నా. చీటీ తగ్గితే నువ్వు గంట కొడతావు. అందుకని." ఆయన చీటీని తిరిగి ఆవిడ కొంగులో పెట్టాడు. "అందుకని, చీటీ ఇలా ఇవ్వు పెద్దమ్మా, రేపు నేనే వస్తాగా అన్నా. చెయ్యి చాపింది. విప్పా. దార్లో గుంపు పెద్ద అందరి చీటీలూ కోస్తూ ఉంటే అందులో కలిపేశా."

"దిగినవాడివి నాకు చెప్పలేదేం?"

"పొద్దున లేద్దామనే పడుకున్నా. లేవలేకపోయా. అప్పటికే చరియ విరిగిందన్నారు. వాన ఆగాక ఎవరైనా దింపి ఉంటారులే అనుకున్నా. తర్వాత ఆ అమ్మాయి వచ్చి బెంచీ మీద కూర్చుంది. ఇక నోరు పెగల్లేదు."

నాలుగు రోజులు. రెండు రాత్రులు వాన, రెండు రాత్రులు మంచు. చీటీలక్కకి ఆ రాతి చావడి తెలుసు. మూడు గోడలే ఉంటాయి, నాలుగో వైపు లోయ. అక్కడ గంజి చీర కట్టుకున్న ఒక పెద్దావిడ, ఎవరో వస్తారని, వస్తానన్నాడని, దారి వైపే కళ్ళు కాయలు కాచేలా చూస్తూ ఉండి ఉంటుంది. మొదటి రోజు చూసి ఉంటుంది. రెండో రోజూ చూసి ఉంటుంది. మూడో రోజు సంగతి చీటీలక్క ఊహించలేకపోయింది.

మొగుణ్ణి తిట్టాలనుకుంది. తిట్టు రాలేదు. తిట్టడానికి తను మాత్రం ఏ మొహంతో తిడుతుంది? కట్ట చేతిలో పడగానే ఎంచి గుచ్చేసిందెవరు? వాన పడుతోంది, ఇంటికి పోవాలి అని తొందరపడి, కొండ ఖాళీ అని చేతిరాతతో రాసిందెవరు? ఇంతెందుకు, ఇందాక అన్నీ తెలిసి, "లేదు" అన్నదెవరు?

పద్దెనిమిదేళ్ళ ఉద్యోగం, పాతికేళ్ళ కాపురం, రెండూ ఆ ఒక్క ఎర్రదారం పోగుకి వేలాడుతున్నట్టనిపించింది. ఏడుపు వచ్చింది. ఏడవడానికి కూడా తీరిక లేదు.

"లే" అంది.

"ఎక్కడికి?"

"గంట దగ్గరికి. నువ్వే కొడతావు. వచ్చినవాళ్ళకి నువ్వే చెబుతావు, ఎక్కడ వదిలావో, ఎలా వదిలావో. నా నోటితో చెప్పను."

"బిళ్ళ పోతుందే."

"పోనీ."

ఆయన ఇంకేదో అనబోయి, ఆవిడ మొహం చూసి ఊరుకున్నాడు. చొక్కాకున్న ఇత్తడి బిళ్ళని తడుముకున్నాడు. తర్వాత గోడ పట్టుకుని లేచాడు. చీటీలక్క ఆయన చెయ్యి తన భుజం మీద వేసుకుంది. జీవితమంతా మనుషుల్ని మోసిన మనిషి ఇంత బరువుంటాడని ఆవిడకి ఆ రోజే తెలిసింది.

*

దారిలో ఒకే ఒక్క ఆలోచన. ముందు ఆ అమ్మాయికి చెప్పాలి. గంట మోగకముందే, వాళ్ళూ వీళ్ళూ పోగవకముందే, కాళ్ళ మీద పడి చెప్పాలి. మీ అమ్మ నువ్వన్న మాటకి ఉండిపోలేదు తల్లీ, దారంతా నీ గురించే చెప్పిందట, నీ కోసమే మొక్కుకుందట. ఈ ఒక్క మాటైనా ఆ పిల్లకి అందాలి. పైన ఏం దొరికినా, ఎలా దొరికినా, ఈ మాట ముందు అందాలి.

బెంచీ ఖాళీగా ఉంది.

టీ కోసం వెళ్ళిందేమోనని అటూ ఇటూ చూసింది. చెప్పుల స్టాండు ముసలాయన పట్టా విప్పేసి, తడిసిన చెప్పుల్ని ఎండకి పరుస్తున్నాడు.

"తాతా, ఇక్కడ కూర్చున్న అమ్మాయి ఏదీ?"

"నేనూ అదే చూస్తున్నా అక్కా. నేను పట్టా తియ్యగానే గబగబా వచ్చింది. ఒక జత చేతిలోకి తీసుకుని, ఇవి ఎప్పట్నుంచి ఉన్నాయి అంది. దారి మూసే ముందు రోజువమ్మా, ఎవరో మర్చిపోయారు అన్నా. అవి పట్టుకుని నీ కౌంటరు వైపు పోయింది. పిచ్చిదానిలా ఉంది మొహం."

కౌంటరు గది తలుపు ఓరగా తెరిచి ఉంది. కిటికీకి గొళ్ళెం పెట్టింది గానీ తలుపుకి తాళం వెయ్యలేదని చీటీలక్కకి అప్పుడు గుర్తొచ్చింది. లోపల బల్ల మీద రెండు జతల చెప్పులు పక్కపక్కనే ఉన్నాయి. ఒక జత పాతది, చిన్నది, ఎడమ చెప్పు పట్టీని ఎవరో ఎర్రదారంతో చక్కగా కుట్టారు. రెండోది ఆ అమ్మాయి మూడు రోజులుగా బెంచీ కింద విడిచి కూర్చున్నది.

దిగివచ్చిన మనిషి చెప్పులు వదిలేసి పోదు. పద్దెనిమిదేళ్ళుగా చీటీలు ఎంచిన చీటీలక్కకి ఆ సంగతి నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా తట్టలేదు. కూతురికి చెప్పులు చూడగానే తట్టింది.

బల్ల మీద చీటీల పుస్తకం తెరిచి ఉంది. పైన ఒక చీటీ చింపి ఉంది. పుస్తకంలో మిగిలిన సగంలో గళ్ళన్నీ నింపి ఉన్నాయి. పేరు, వయసు, ఊరు. "వెంట ఉన్నవారు" అన్న గడిలో ఒకే మాట రాసి ఉంది. అమ్మ. దారపు ఉండ బల్ల మీంచి దొర్లి, గుమ్మం దాటి, మెట్ల వైపు పోగు వదిలి ఆగిపోయింది.

"ఏమయ్యా!" చీటీలక్క అరిచింది. "కొట్టు! గంట కొట్టు!"

కుర్చీ బాబాయ్ గంట తాడు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఒంటికాలి మీద నిలబడి లాగాడు. రాళ్ళు తొలగించే మనుషులు ఆ చప్పుడు విని, కొండ అవతలి వైపు నుంచి చుట్టూ తిరిగి రావాలంటే ముప్పావు గంట. ముప్పావు గంట ఆగే ఓపిక చీటీలక్కకి లేదు. చెప్పులు విడిచింది. గేటుకి అడ్డంగా కట్టిన గొలుసు కింద నుంచి దూరి, మెట్లెక్కడం మొదలుపెట్టింది.

మొదటి మలుపు దాటినా గంట వినబడుతూనే ఉంది. ఆయన ఆపకుండా కొడుతున్నాడు. రెండో మలుపు దగ్గర మబ్బు దిగింది. పదడుగుల అవతల ఏముందో తెలియడం లేదు. పైన ఎక్కడో రాళ్ళు జారుతున్న చప్పుడు. ఆ పిల్ల పేరు పుస్తకంలో చూసింది కదా, ఆ పేరే పెట్టి పిలిచింది. పలకలేదు. మళ్ళీ పిలిచింది. ఎక్కడో దూరంగా పలికినట్టే అనిపించింది గానీ, అది తన గొంతే కొండకి తగిలి తిరిగి వచ్చింది.

తడి మెట్టు మీద పాదానికి ఏదో మెత్తగా తగిలింది. వంగి చూసింది.

ఎర్రదారం. దారానికి చీటీ. ఇందాక రాసిన సిరా ఇంకా తడికి అలుక్కుపోతూనే ఉంది. ఒంటిచేత్తో, పళ్ళతో పట్టి లాగి వేసుకున్న మామూలు ముడి, ఎక్కుతుంటే తనంతట తనే వదులై జారిపోయింది. చీటీలక్క కట్టి ఉంటే జారేది కాదు. కట్టడానికి చీటీలక్క అక్కడ లేదు. మొగుణ్ణి కాపాడుకోవచ్చేమో చూద్దామని షెడ్డుకి పోయింది.

నలభై రెండో చీటీ కొంగులో ఉంది. ఇప్పుడు ఇది చేతిలో ఉంది. చీటీలు రెండూ కిందకి వచ్చేశాయి. మనుషులిద్దరూ పైనే ఉన్నారు. మబ్బులోంచి మళ్ళీ రాళ్ళు జారిన చప్పుడు, ఈసారి దగ్గరగా. కింద గంట ఆగిపోయింది.